వెనక్కి పంపే అధికారం

రాష్ట్రపతి పదవిని చీటీ తీసి ఇంటింటికీ ఒక్కో రోజు ఇస్తున్న కాలమది. గాజువాకలో మా ఇంటికి వచ్చింది. మంత్రివర్గం పంపినవాటిమీద నేను వేలిముద్ర వెయ్యాలి. రోజు మొత్తంలో ఒక్కదాన్ని మాత్రం వెనక్కి పంపొచ్చు.

పొద్దున్నే గోడమీది తెర పలికింది. "అమ్మా, మీ పేటకి కుళాయి నీళ్ళు రోజుకో గంట తగ్గించే బిల్లు."

"తిప్పి పంపీవే! మన పవరేటో ఆళ్ళకి తెలియాల," అంది మా అత్త పైడమ్మ. గుమ్మంలో బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పంపేశాను.

సాయంత్రం తెర మళ్ళీ పలికింది. "ఉరిశిక్ష పడ్డ సింహాద్రి పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీని తోసిపుచ్చాలని మంత్రివర్గం సలహా."

సింహాద్రి నా తమ్ముడు.

"వెనక్కి పంపండి," అన్నాను.

"ఆ అవకాశం పొద్దున్న వాడేశారమ్మా. వేలు పెట్టండి."

"పెట్టను."

"పెట్టకపోతే ఇంటిల్లిపాదికీ జైలమ్మా."

కళ్ళు తుడుచుకుని వేలు పెట్టాను.

"వేలు తడిగా ఉందమ్మా. ముద్ర పడలేదు."

అత్త నా వేలు కొంగుతో తుడిచి, తనే పట్టుకుని నొక్కింది.

మర్నాడు నీళ్ళు తగ్గలేదు.

"నీలాటి రాష్ట్రపతి మళ్ళీ రాదమ్మా," అని వీధంతా పొగుడుతుంటే, నేనూ బిందె పట్టుకుని వరసలో నిలబడ్డాను.