అసలు సిసలు బండి

“మూత తీయకు!” పళ్ల డాక్టరు ఇంజనుకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

పాతకార్ల పోటీలో, ఒక్క భాగమూ మార్చని బండికిచ్చే బహుమతి అందుకోవడానికి ఆయన కారు ఒక్కటే మిగిలింది. ఇప్పుడది స్టార్టయితే చాలు. కావడం లేదు.

“స్పార్కు రావట్లేదు సార్. డిస్ట్రిబ్యూటర్ మూత తీయందే ఎలా తెలుస్తుంది?” అన్నాడు పోటీకి వచ్చిన మెకానిక్. “మీరు నోరు తెరిపించకుండానే పన్ను పీకుతారా?”

“పైపైన తుడిచి చూడవయ్యా!”

“తియ్యవోయ్, నేనూ చూస్తాను,” అంటూ పోటీ జడ్జి ముందుకు వంగాడు.

మూత వచ్చింది. స్పార్కు పుట్టించే పాతకాలపు పాయింట్లు ఉండాల్సిన చోట కొత్త ఎలక్ట్రానిక్ పెట్టె నిగనిగలాడుతోంది.

జడ్జి కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

“అబ్బ! ఆనాటి పాయింట్లు చెక్కుచెదరలేదు. వైరు వదులైనట్టుంది, బిగించి మూసెయ్.”

బండి స్టార్టయింది. జనం చప్పట్లు కొట్టారు. డాక్టరు నోరు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉంది.

జడ్జి మెకానిక్ భుజం మీద చెయ్యేసి పక్కకు లాక్కెళ్లాడు.

“ఏమయ్యా, మొన్న నువ్వు నా బండికి బిగించిన పెట్టె కూడా ఇలాగే మొరాయిస్తుందా?”