రెండో సాక్షి

నా వీలునామా కోసం మంచం దగ్గరికే వచ్చిన నోటరీ, సంచిలోంచి ముద్ర తీసి, "నర్సు ఒక సాక్షి. రెండో సాక్షి ఏరండీ?" అన్నాడు. వీధిలో అందరితోనూ నాకు చెడింది. కబురు పెట్టినా ఒక్కడూ రాలేదు.

పిలవని పేరంటానికి వచ్చినట్టు తమ్ముడు ఊడిపడ్డాడు. "సంతకం నేను పెడతా."

"ఆస్తి వచ్చేవాళ్లు సాక్షిగా పనికిరారండీ."

"వారసుడివి నువ్వొక్కడివే అయినా నీకు చిల్లిగవ్వ రాయలేదురా. ఇల్లు గ్రంథాలయానికి," అన్నాను, వాడి మొహం మాడితే చూడాలని.

"అయితే పనికొస్తాగా!"

"ఈయన మతి స్థిమితంగానే ఉందంటారా?" నోటరీ వాణ్ణి అడిగాడు.

"ఎప్పుడూ ఇంతేనండీ. కొత్తగా చెడిందేం లేదు."

సంతకం పెట్టి, నా దుప్పటి సర్దాడు.

"ఈ వీలునామా నిజమో కాదో రేపు కోర్టులో చెప్పాల్సింది నేనే. నిశ్చింతగా పో, అన్నయ్యా."