గొలుసు నూనె

రజాంగ్ నది ఒడ్డున, గుంజల మీద కట్టిన, ఊరంతా కలిసుండే పొడుగింట్లో అందరూ పడుకున్నారు. బెలాయోంగ్ ఒక్కడే చెట్లు కోసే మోటారు రంపాన్ని ముందేసుకుని కూర్చున్నాడు. గొలుసుకు పోసే నూనె ఆగకుండా కారుతోంది. మూత బిగించాడు, గొట్టం మార్చాడు, నూనె వదిలే మర తిప్పి తగ్గించాడు. అయినా కారుతూనే ఉంది.

"మా తమ్ముడి దగ్గరున్నన్నాళ్లూ చుక్క కారలేదు," అంది దోమతెరలోంచి పెళ్లాం సెండి. "నీ చేతిలో పడ్డాకే దానికీ రోగం."

అతను మూత మళ్లీ తిప్పి చూశాడు. ఆ రంపం మీద అతనికి ఎన్నాళ్లనుంచో కన్నుంది. ఆ రోజు అడవిలో కూలిన మాను కింద నడుందాకా ఇరుక్కుని బావమరిది ఉంగ్గట్ "మాను కొయ్యి బావా" అని ఏడుస్తుంటే, "నూనంతా కారిపోయిందిరా, గొలుసు పట్టేస్తుంది. మనుషుల్ని తీసుకొస్తానుండు" అని రంపం భుజానేసుకుని వచ్చేశాడు. చెట్టు పడగానే పోయాడని ఇంట్లో చెప్పాడు.

చివరికి ట్యాంకు వంచి ఖాళీ చేశాడు. అయినా నేల వెదుళ్ల సందుల్లోంచి బొట్లు కిందికి పడుతూనే ఉన్నాయి. కిందున్న పాత రేకుల మీద ఇందాకటిదాకా టప్ టప్‌మన్న చప్పుడు మాత్రం ఆగిపోయింది. ఇంటి కింద కట్టేసిన పందులు కూడా కిక్కురుమనడం లేదు.

వంగి సందుకు చెవి ఆనించాడు.

"దోసిలి నిండింది బావా," అంది కింద నుంచి ఒక గొంతు. "ఇప్పుడైనా కోస్తావా?"