చలిలో దాచిన తోబుట్టువు

నవంబరు 14.

అక్కయ్యా, రేపు మా ఆసుపత్రి చలిగదిలోంచి కోడలి రెండో పిండాన్ని బయటికి తీస్తాం. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటుంది, అందుకే ఈ కార్డు.

రెండు పిండాలూ ఒకే రోజు మా ల్యాబులో, గాజు గిన్నెలో తయారయ్యాయి. ఒకటి మనవరాలై పుట్టింది. రెండోదాన్ని ద్రవ నత్రజనిలో దాచాం.

పొద్దున మనవరాలు మూతి ముడుచుకుని నా వెంట వచ్చింది.

"ఆదివారం కూడా దాని దగ్గరికే పరిగెడతావు. నేనంటే నీకు లెక్కే లేదు నానమ్మా!"

"నత్రజని ఆవిరైపోతుందే, మళ్లీ నింపొద్దూ? మునుపు మెల్లగా గడ్డకట్టిస్తే మంచు సూదులు కణాల్ని చీల్చేసేవి. ఇప్పుడు పిండం క్షణంలో గాజులా బిగిసిపోతుంది. అయినా కాపలా తప్పదు. నీకంత కుళ్లెందుకు? రేపు అమ్మ కడుపులోకి వెళ్లిపోతుందిగా."

"అయితే రేపట్నుంచి నువ్వు నాకే!" అని గంతులేసింది.

నాకు నవ్వు రాలేదు. ఏడేళ్లుగా చలిలోని ఆ బిడ్డ నా ఒక్కదాని చేతిలోనే ఉంది. ఇప్పుడు కోడల్ని చూస్తే కుళ్లు నాకే.

ఇక జరగవలసినవి:

1. పిండాన్ని నేనే కరిగించి, బతికిందో లేదో చూడాలి.
2. బతికితే కోడలికి అప్పగించాలి.
3. అప్పగించేటప్పుడు నా చేయి వెనకాడకూడదు.