సిస్టర్‌కి ఒక్కరోజు సెలవు

"సెలవు ఇస్తే తప్ప ఇక్కణ్ణుంచి కదలను సార్!" అంటూ మేనేజరు ఎదురుగా కుర్చీలో కూలబడింది సిస్టర్. డ్యూటీలో ఆవిడ కూర్చోగా ఎవరూ చూసిన పాపాన పోలేదు. మేనేజరు కాస్త కంగారుపడ్డాడు.

"అంత కొంప మునిగిందేమిటమ్మా?"

"రేపు మా చెల్లెలికి ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. తొలి కాన్పు. అసలే భయస్తురాలు. నేను పక్కన లేకపోతే కనేదే లేదని భీష్మించుకుని కూర్చుంది. మా మరిది చూస్తే రక్తం పేరు చెబితేనే కళ్ళు తిరిగి పడిపోయే రకం. అతన్ని పట్టుకోవడానికే ఇంకో మనిషి కావాలి."

"అయ్యో, మన హాస్పిటల్లోనే చేర్పించకపోయారా?"

"చేరమన్నాను సార్. 'వద్దక్కా, అక్కడైతే నన్ను చూడ్డానికి నీకు తీరికుండదు' అంది."

మేనేజరు గ్లాసెత్తి గడగడా నీళ్ళు తాగేశాడు.

ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధమేముంది? ఈ హాస్పిటల్లో పని పెరిగిందనకూడదు, మహాపాపం. నర్సు పాత్ర విస్తరించిందనాలి. సిస్టర్ పాత్ర విస్తరించీ విస్తరించీ ఆవిడకే అంతు చిక్కకుండా పోయింది. డాక్టరు గారు గొణిగిందంతా ట్యాబ్‌లో ఎక్కించాలి. బిల్లు చూసి గుండె పట్టుకున్నవాళ్ళకి ఆ బిల్లులో ఏముందో విడమరిచి చెప్పాలి. టీవీ రిమోట్లకి బ్యాటరీలు మార్చాలి. ఏసీ కారుతుంటే మెకానిక్కుని బతిమాలాలి. ఇంటికెళ్ళే పేషెంటు చేత నవ్వుతూ ఫోన్‌లో అయిదు చుక్కల రేటింగు నొక్కించుకోవాలి, తను కూడా నవ్వాలి. ఇన్నిటి మధ్యా సందు దొరికితే ఇంజక్షన్లు.

"చూడండి సిస్టర్," అన్నాడు మేనేజరు గొంతు సవరించుకుని. "మీకు శుభవార్త. సెలవుల సంగతి చూసే ఆయన్ని తీసేశాం. ఆ బాధ్యత మీకు కలిపాం. ఈరోజు నుంచి మీ వార్డు సెలవులన్నీ మీ చేతుల్లోనే!"

"నా సెలవు కూడానా?"

"మీది మాత్రం ఎందుకు కాదు? అడిగేదీ మీరే, ఇచ్చేదీ మీరే. మధ్యలో నేనెవర్ని?"

సిస్టర్ దిగ్గున లేచింది. ఇన్నాళ్ళకి పనికొచ్చే పాత్ర ఒకటి దొరికిందిరా దేవుడా అనుకుంటూ వార్డుకి పరిగెత్తింది. ఇక మిగిలిందల్లా రేపటికి వార్డు ఎవరికో ఒకరికి అప్పజెప్పడం. ఇంకో నర్సు చేతికి అప్పజెప్పకుండా వార్డు వదలకూడదన్నది నర్సు ఉద్యోగంలో చేరిన రోజే వంటబట్టే పాఠం.

"రేపు నా డ్యూటీ చూస్తావా తల్లీ?" అని పొడుగు సిస్టర్‌ని అడిగింది.

"రేపు నన్ను హాస్పిటల్ ప్రచారం వీడియోకి వేశారక్కా. నర్సుగా నటించాలట."

"నువ్వు నర్సువేగా!"

"అందుకే సహజంగా ఉంటుందన్నారు. నిజం నర్సులా కనబడకూడదని మొహానికి రంగు కూడా వేస్తారట."

కళ్ళద్దాల సిస్టర్ దగ్గరికి వెళితే, తనని రేపు రోజంతా నర్సుల అలసట మీద శిక్షణకి కూర్చోబెడుతున్నారంది. మధ్యలో లేచిపోతే మళ్ళీ మొదటి నుంచి వినాలట.

ఇక మిగిలింది బొద్దు సిస్టర్. ఆవిడే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, సెలవులు నీ చేతికొచ్చాయట కదా! రేపు నాకివ్వవా? పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది. పక్కింటావిడ దగ్గర వదిలేసి వచ్చాను. నా ప్రాణం ఇక్కడ లేదు."

సిస్టర్ ఆవిడ మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళు తనూ ఇలాగే కదూ ఒక్కొక్కడి ముందూ చేతులు కట్టుకుని నిలబడింది! అక్కడికక్కడే సెలవు ఇచ్చేసింది. బొద్దు సిస్టర్ దండం పెట్టబోతే, "ఛీ, ఊరుకో! వెళ్ళు, పిల్లని చూసుకో," అని కసిరింది.

మందుల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని ట్యాబ్ తెరిచింది. తన దరఖాస్తు తనకే వచ్చి ఉంది. చెల్లెలి మొహం కళ్ళలో మెదిలింది. చిన్నప్పుడు పన్ను పీకించుకోవడానికి కూడా అక్క చెయ్యి ఉండాల్సిందే దానికి. బయట ఎవరో పిలుస్తున్నారు, డ్రిప్ అయిపోయిందని. ఇంకెవరో దగ్గుతున్నారు, ఆగకుండా. సిస్టర్ వేలు కాసేపు గాల్లో ఆగింది. తర్వాత గట్టిగా నొక్కేసి, డ్రిప్ మార్చడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. చెల్లెలు.

"అక్కా, సెలవిచ్చారా? రేపు థియేటర్లోకి తీసుకెళ్ళేదాకా నా చెయ్యి వదలకూడదు, ముందే చెబుతున్నా."

"లేదే బంగారం. ఇవ్వలేదు."

"ఇవ్వలేదా? ఎవరక్కా ఇవ్వనిది? ఆ మేనేజరేనా? ఫోను అతనికివ్వు, కడిగి పారేస్తాను!"

"ఆయన కాదమ్మా, ఆయన నయం. ఇవాళే కొత్తగా ఒకావిడని వేశారు," అంది సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ. "కాళ్ళ మీద పడ్డా కరగదే, ఒట్టి రాక్షసి!"