పట్టేసిన ఇంజిన్

గేటుకి ‘అమ్మబడును’ బోర్డు కట్టిన మర్నాడే ఒక పెద్దాయన వచ్చాడు.

“తోట ట్రాక్టరేనా అమ్మా?”

“అదే. ఇంజిన్ పట్టేసింది. రేపు పాత ఇనుములోకి పోతుంది.”

ఆమె భర్త పోయి నెల తిరగలేదు. ఆమె ఇంతవరకూ ఏడవలేదు. ఏడవలేదని చుట్టాలే ఏడ్చి వెళ్ళారు. తిమ్మిరెక్కిన కాలి మీద నిలబడ్డట్టు, ఆమెకి ఏదీ తగలడం లేదు.

“మీరు మెకానిక్కా?”

“కాదమ్మా. ఒకసారి చూసి పోదామని.”

షెడ్డులో ట్రాక్టర్ సీటు మీద పిల్లి సంసారం పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో భర్త రోజూ పొద్దున్నే ఇంజిన్ మూత మీద రెండు దెబ్బలు వేసి, “లేవండి దొరగారూ, తెల్లారింది” అనేవాడు. మంచాన పడ్డాక దాన్ని లేపినవాళ్ళు లేరు.

పెద్దాయన పిల్లినీ పిల్లల్నీ గోనెసంచి మీదకి మార్చాడు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో నూనె పోశాడు.

“ఇక తిప్పుతారా?”

“ఇప్పుడే బలవంతం చేస్తే లోపల విరుగుతుంది. నాలుగు రోజులు నాననివ్వాలి. ఇనుము వాణ్ణి ఆగమనండి.”

“శెనగలకి ఒక్క రాత్రి చాలు.”

ఆయన నవ్వబోయి మానేశాడు.

రోజూ వచ్చేవాడు. చక్రాన్ని చేత్తో కొంచెం అటూ ఇటూ కదిపి చూసేవాడు. మంచినీళ్ళిస్తే షెడ్డు గడప మీదే కూర్చుని తాగేవాడు.

“ఆయనకి దీని మీద మోజా అమ్మా?”

“నాతో కంటే దీనితోనే ఎక్కువ మాట్లాడేవారు.”

“అయినవాళ్ళంతా వచ్చి వెళ్ళారా?”

“ఆఁ, వచ్చారు. ఒకాయన మాత్రం మా పెళ్ళికీ రాలేదు, ఈయన చావుకీ రాలేదు. రానన్న మాట మీద నిలబడే మనిషి!”

“కబురు పెట్టారా?”

“లేదు.”

“పెట్టొద్దన్నారా ఆయన?”

“ఆయన ఏదీ అనరు. అదే ఆ ఇంటి జబ్బు.”

పెద్దాయన చేతికంటిన నూనెని చాలాసేపు తుడుచుకున్నాడు.

చివరి రోజు ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. షెడ్డులో మూత మీద రెండు దెబ్బలు పడ్డాయి.

“లేవండి దొరగారూ, తెల్లారింది.”

తాడు లాగిన చప్పుడు. ఒక దగ్గు. ఇంకో దగ్గు. తర్వాత ఇల్లంతా అదిరింది.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆ మాట బయటివాళ్ళెవరికీ తెలియదు.

సబ్బు చేతులతోనే పరుగెత్తింది. పొగలో ఇంజిన్ ఆడుతోంది. మనిషి లేడు. గేటుకుండాల్సిన బోర్డు సీటు మీద బోర్లా పడుకుని ఉంది. వీధి చివరిదాకా చూసింది. ఎవరూ లేరు.

వెనక్కి వచ్చింది. దాన్ని ఆపడం ఎలాగో ఆమెకి తెలియదు. మూత మీద చెయ్యి వేసింది. అదురు మోచేతిదాకా, భుజందాకా ఎక్కింది.

పెళ్ళైన కొత్తలో, “ఎవరండీ ఈ దొరగారు?” అని తను అడిగితే, భర్త మొహం అటు తిప్పుకుని చెప్పిన జవాబు అప్పుడు గుర్తొచ్చింది:

“నేనే. చిన్నప్పుడు మా అన్నయ్య వీపు మీద రెండు వేసి నన్నలా లేపేవాడు.”