ఏడో భాగంలో దగ్గు

"ఏడో భాగంలో దగ్గు ఏమైందయ్యా?" నెబ్రాస్కా నుంచి ఫోన్‌లో ముసలావిడ ఓపల్ నిలదీసింది.

వెండెల్ నీరసంగా కళ్లజోడు తీశాడు. పాత రేడియో నాటకాల సైటును పదిహేనేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతున్నాడు. ఫోన్ మోగిందంటే ఫిర్యాదే.

"తీసేశానమ్మా. ఆ కౌబాయ్ నాటకాన్ని ఎవరో ఇంట్లో రేడియో ముందు మైకు పెట్టి టేపు చేశారు. దగ్గులూ, గిన్నెల చప్పుళ్లూ ఏరి పారేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు గుర్రం డెక్కలు ఎంత శుభ్రంగా వినిపిస్తున్నాయో!"

"గుర్రాలెవడిక్కావాలి? టేపు చేసింది మా నాన్న. దగ్గింది మా తమ్ముడు. ఆ చలికాలం దాటలేదు వాడు. వాడి గొంతు ఇంకెక్కడా లేదు. పాతదన్నా ఉంచావా?"

"లేదమ్మా. దానిమీదే కొత్తది ఎక్కించేశాను."



వెండెల్ ఎదురుగా కంప్యూటర్ తెరమీద, అదే ఇంటి టేపులోది, ఇంకా సైటులో పెట్టని ఎనిమిదో భాగం ఉంది. చెరపాల్సిన చోట పొద్దున తనే ఎర్రగీత గీసుకున్నాడు. ఆ గీత తీసేసి, ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాడు.

"ఇందులోనూ ఉన్నాడమ్మా."

"దగ్గుతున్నాడా?"

"లేదు. నవ్వుతున్నాడు."